సరిహద్దు దాటిన చుట్టరికం

భద్రాచలం నుంచి పర్ణశాలకు సుమారు 35 కిలోమీటర్లు. వనవాసంలో సీతారాములు ఉన్న కుటీరం ఇక్కడేనని భక్తుల నమ్మకం. నవమికి వచ్చిన జనం గోదావరిలో మునిగి, సీతమ్మ వాగు చూసుకుని వెళ్లిపోతారు. అక్కడి నుంచి ఈశాన్యంగా అడవి పట్టుకుని పోతే ఛత్తీస్‌గఢ్. 2005 తర్వాత ఆ అడవి దారుల్లో, పగలు దాక్కుంటూ రాత్రి నడుస్తూ వచ్చిన వేలాది మంది కథ ఏ స్థలపురాణంలోనూ లేదు. వాళ్లను చేరదీసిన ఊళ్ల కథ అసలే లేదు.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం అనే మావోయిస్టు వ్యతిరేక ఉద్యమం మొదలైంది. ముందు నిలిచింది కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ, వెనక నిలిచింది రాష్ట్రంలోని బీజేపీ ప్రభుత్వం. మావోయిస్టులకు తిండి అందకుండా చేయాలంటే ఊళ్లనే ఖాళీ చేయించాలన్నది ఎత్తుగడ. కోంట, దోర్నపాల్, ఎర్రబోరు వంటి చోట్ల రోడ్డు పక్కన శిబిరాలు లేచాయి. శిబిరానికి రానివాడు నక్సలైటు కిందే లెక్క. ఇళ్లు తగలబెట్టారు, ధాన్యం కాల్చారు, మనుషుల్ని చంపారు. జుడుంలో చేరాయని ప్రభుత్వమే చెప్పుకున్న ఊళ్లు 644. అవతలి తుపాకీ కూడా ఊరుకోలేదు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి, అందులో తలదాచుకున్న ఆదివాసులనే చంపారు. ఎటూ చేరని మనిషికి మిగిలింది ఒక్కటే, గోదావరి వైపు నడవడం.

ఆ నడక కొత్తది కాదు. మిరప కోతల కాలంలో సరిహద్దు అవతలి బస్తర్ కుటుంబాలు చర్ల, వెంకటాపురం, దుమ్ముగూడెం చేలకు కూలికి వస్తూనే ఉండేవి. ఏ ఊళ్లో ఎవరున్నారో, ఏ వాగు ఎక్కడ దాటాలో తెలుసు. అంతకంటే గట్టిది వరస. మడకం, సోడి, మడివి వంటి ఇంటిపేర్లు సరిహద్దుకు రెండు పక్కలా ఉన్నాయి. ఇక్కడి కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ గట్టులున్నాయి. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ములు, వేరే గట్టు వాళ్లు మామలు, బావలు. ఇంటిపేరు చెప్పగానే ముక్కూమొహం తెలియని మనిషి కూడా ఏదో ఒక వరసలోకి వచ్చేస్తాడు. శరణార్థికి ప్రభుత్వం కార్డు ఇవ్వకముందే ఊరు వరస ఇచ్చింది. నా లెక్కలో ఈ ప్రాంత చరిత్రలో అంతకు మించిన ఘనత లేదు.

వరస కలిశాక గూడెం అంచున గుడిసె వేసుకోనిచ్చారు, కూలి పనులకు తీసుకెళ్లారు, అడవిలో పోడుకు చోటు చూపించారు. అన్ని ఊళ్లూ ఒకేలా లేవు. కూలి రేట్లు పడిపోతాయని, ఉన్న కాస్త పోడు పంచుకోవాల్సి వస్తుందని గొడవలు పడ్డ చోట్లూ ఉన్నాయి. పొలం తక్కువ, అడవి మీద హక్కు అంతకన్నా తక్కువ ఉన్న వాళ్ల దగ్గరికి, ఏమీ లేని వాళ్లు వచ్చారు. అయినా చాలామందికి నిలువనీడ దొరికింది. స్థానికులు వాళ్లను గొత్తికోయలన్నారు. ఆ పేరే ఈరోజుకీ పత్రికల్లో నడుస్తోంది.

ఈ అడవికి ఇలాంటి కాలం అదే మొదటిసారి కాదు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారాయి. కొత్త దొరలు పోడు పన్నును దాదాపు మూడింతలు చేసి, కొంత అడవిని మూసేశారు. 1879 రంప తిరుగుబాటు రేకపల్లికి పాకింది అందుకే. నాయకుల్లో తమ్మనదొర ఒకడు. ఆ పోరు సరిహద్దు దాటి మల్కనగిరి దాకా పోయింది. గీత గీసేది ప్రభుత్వం, దాన్ని దాటించేది చుట్టరికం.

2005 నాటి వలసకు ఇవతల ఎదురైంది అటవీశాఖ. ఆక్రమణలంటూ గుడిసెలు కూల్చారు, కాల్చారు. హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో ఇచ్చిన నివేదిక దీన్ని వివరంగా నమోదు చేసింది. ఛత్తీస్‌గఢ్‌లో ఇల్లు కాలి వచ్చిన కుటుంబం అప్పటి ఖమ్మం జిల్లాలో మళ్లీ కాలిన ఇంటి ముందు నిలబడింది. 2007 డిసెంబరులో శాంతా సిన్హా నేతృత్వంలోని జాతీయ బాలల హక్కుల కమిషన్ బృందం దంతెవాడతో పాటు ఖమ్మం కూడా వచ్చి పిల్లల పరిస్థితి చూసింది. హక్కుల నాయకుడు బాలగోపాల్, మానవ హక్కుల వేదిక ఈ సంగతుల్ని తెలుగు పాఠకుల ముందుంచారు.

వెనక్కి వెళ్లాలనుకున్న వాళ్లకూ తోడు కావాల్సి వచ్చింది. 2008లో కోంట ప్రాంతంలోని నేంద్ర గ్రామంలో హిమాంశు కుమార్ నడిపిన వనవాసి చేతన ఆశ్రమం కార్యకర్తలు అక్కడే కాపురముండి, తమ దేహాలనే అడ్డుగా పెట్టి జనాన్ని తిరిగి నిలబెట్టారు. మరుసటి ఏడాది మే నెలలో అధికారులు ఆ ఆశ్రమాన్నే పడగొట్టారు. ఛత్తీస్‌గఢ్‌లోని సర్కేగూడ జనం కూడా జుడుం కాలంలో ఇల్లూ వాకిలీ వదిలి, తర్వాత తిరిగి వెళ్లిన వాళ్లే. 2012 జూన్ 28 రాత్రి విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడిన వాళ్ల మీద భద్రతా బలగాలు కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చిన సంగతి బయటికొచ్చింది 2019లో.

న్యాయస్థానం కదలకపోలేదు. సామాజికశాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, విశ్రాంత ఐఏఎస్ ఇ.ఎ.ఎస్. శర్మ 2007లో జుడుం మీద సుప్రీంకోర్టుకెక్కారు. కోంట ప్రాంత సీపీఐ నాయకుడు కర్తం జోగా మరో పిటిషన్‌తో నిలబడి, తర్వాత జైలుకెళ్లి 2013లో నిర్దోషిగా బయటికొచ్చారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్, చదువు సరిగా లేని ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా తోటివాళ్ల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అదే ఏడాది కొత్త చట్టం తెచ్చి వాళ్లను సహాయక దళంలోకి తీసుకుంది. తీర్పు వచ్చినా కాలిన ఊళ్లకు పునరావాసం రాలేదు.

ఇప్పుడు ఆ చుట్టరికం కూడా బీటలు వారుతోంది. 2022 నవంబరులో చంద్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర అటవీ రేంజ్ అధికారి చలమల శ్రీనివాసరావును పోడు గొడవలో గొత్తికోయలు నరికి చంపారు. ఆయన కుటుంబానికి జరిగిన నష్టానికి ఏ వివరణా సరిపోదు. నేరం చేసిన ఇద్దరికి యావజ్జీవం పడింది. అయితే ఆ ఘటన తర్వాత బెండాలపాడు పంచాయతీ గొత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్ పంపాలని తీర్మానించింది. ఇద్దరి నేరం మిగతా గుడిసెలన్నిటి మీదా పడింది.

ఇంత పగకు దారి తీసింది కాగితం లేకపోవడమే. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగ అయిన మనిషికి తెలంగాణలో ఆ గుర్తింపు లేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి అడవిని సాగు చేసుకుంటూ ఉన్నవాళ్లకే హక్కు ఇస్తుంది. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో, ఊళ్లు కాలడం ఆ తర్వాతా ఆగలేదు. 2006లో పారిపోయి వచ్చిన కుటుంబం ఎన్నేళ్లు దున్నినా ఆ చట్టం లెక్కలో ఆక్రమణదారే. చేరదీసిన కోయ ఊళ్లకు, వచ్చిన వాళ్లకు మధ్య పోడు తగువు తెగాలంటే ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మూడూ కూర్చుని ఈ కుటుంబాలను లెక్కగట్టాలి, వెళ్లేవాళ్లకు వాళ్ల భూమి, ఉండేవాళ్లకు ఇక్కడి గుర్తింపు ఇవ్వాలి. ఇరవయ్యేళ్లుగా ఆ భారం ఒక్క కోయ గూడేలే మోస్తున్నాయి.