పసిబిడ్డ శిరస్త్రాణము

శిరస్త్రాణమన్న మాట వినగానే మా తరమువారికి కురుక్షేత్రము తలపునకు వచ్చును. నేటి నగరవాసులకు ద్విచక్రవాహనము తలపునకు వచ్చును. ఈ రెంటితోను పనిలేని మూడవ శిరస్త్రాణ మొకటి కలదు. దానిని ధరించువాడు యోధుడు కాడు, బండి నడుపువాడును కాడు. అయిదారు నెలల పసికందు. యోధుడు యుద్ధము ముగియగానే తీసివేయును. ఈ పసివాడు దినమునకు 23 గంటలు, నిద్రలో గూడ, దానిని మోయవలెను. అట్టి బిడ్డను సుఖముగా నుంచుట యెట్లు? అసలు పసివాని తలకు తొడుగు తొడుగుట మానవు డెందులకు నేర్చెను? ఈ రెండు ప్రశ్నలును వేర్వేరు గావని నా యభిప్రాయము. అది యెట్లో మనవి చేసెదను.

నేను వైద్యుడను గాను. ఉన్నత పాఠశాలలో బాలురకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఈ విషయము నాకు గ్రంథముల వలన గాక మనుమని వలన పరిచయమైనది. మా కుమారుడును కోడలును హైదరాబాదులోని హైటెక్ సిటీలో ఉద్యోగములు చేయుదురు, కాపురము మియాపూరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి మియాపూరు నగరపు అంచున నున్న ఊరు. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రో రైలు మొట్టమొదట కదలినది అచ్చటినుండియే. నేడచ్చట అంతస్తుపై అంతస్తుగా గృహములు లేచినవి. ఉదయమున కొడుకులు కోడండ్రు కొలువులకు పోవుదురు. మనుమలను కనిపెట్టుకొని యుండుటకు జిల్లాల నుండి వచ్చిన మావంటి ముసలివాండ్రు ఆ యిండ్లలో మిగులుదురు. ఆ విధముగనే నేనును మా యింటి యిల్లాలును అచ్చటికి చేరితిమి.

మా మనుమనికి నాలుగవ నెలలో తల వెనుక కుడివైపున చదునుగా కనబడెను. ఎదుటనుండి చూడగా కుడిచెవి కొంచెము ముందునకు జరిగినట్లుండెను. ఎల్లప్పుడును వాడు తల నొకవైపునకే త్రిప్పి పరుండెడివాడు. శిశువైద్యుడు పరీక్షించి, కపాలపు టెముకల నడుమ అతుకులు సరిగనే యున్నవనియు, మెడలో నొకప్రక్క కండరము బిగిసియున్నదనియు చెప్పెను. మా యిల్లాలు ఆ రాత్రి అన్నము ముట్టలేదు. “నా చేతిలోనే ఉంది లోపం. నలుగుపెట్టి నీళ్లు పోసేటప్పుడు సరిగా తల తీర్చలేదు” అని కన్నీరు పెట్టుకొనెను. ఆమెకు నేను చెప్పిన సమాధానమే ఈ ప్రసంగమున సగము.

పుట్టిన బిడ్డ తల పచ్చికుండ వంటిది. దాని యెముకలు ఒండొంటితో గట్టిగా నతుకుకొనియుండవు. నడినెత్తిన మాడు మెత్తగా కొట్టుకొనుచుండును. పుట్టినపుడు సుమారు 35 సెంటీమీటర్ల చుట్టుకొలత గల తల ఏడాది నిండునప్పటికి సుమారు 46 సెంటీమీటర్లగును. మెత్తనిది గనుక వంగును. పెరుగునది గనుక సరియగును. ఈ రెండు గుణములను మానవుడు మిక్కిలి పూర్వమే కనిపెట్టెను. కనిపెట్టి యేమి చేసెనన్నదే చరిత్ర.

గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేర ప్రసిద్ధమైన గ్రంథములలో నొకదానియందు, పొడుగుతల గల జాతివారి ప్రశంస కలదు. వారిలో పొడుగుతలయే కులీనతకు గుర్తట. అందుచేత పుట్టిన బిడ్డల తలలను చేతులతో నొక్కి, కట్లు కట్టి పొడుగుచేసెడివారట. మన దేశముపై దండెత్తిన హూణులలో ఖింగిలుడను రాజు నాణెములను చూడుడు. రాజుగారి తల పైకి కోసుగా సాగియుండును. అమెరికా వాయవ్య తీరమున చినూకు జాతివారు పసివానిని తొట్టిలో పరుండబెట్టి, నుదుటిపై పలక బిగించి తలను చదును చేసెడివారు. వారిలో చదునుతల స్వతంత్రునకు గుర్తు. గుండ్రనితల దాసునకు గుర్తు. ఒకరికి అందమైనది మఱియొకరికి అవమానము! ఈ కట్లన్నియు బిడ్డ కొఱకు కట్టినవి కావు; పెద్దల గౌరవము కొఱకు కట్టినవి.

మన చరకసంహితలో, శారీరస్థానమున, అప్పుడే పుట్టిన శిశువు నోరు శుభ్రము చేసిన పిమ్మట నడినెత్తిని నూనెలో తడిపిన దూదితో కప్పవలెనని విధింపబడినది. ఆ దూదిపింజెయే మన దేశమున పసితలకు మొదటి తొడుగు అనదగును. దానికి తల ఆకారముతో పనిలేదు. మెత్తని చోటును కాపాడుటయే పని. ఆ మాడుకు నూనె యద్దుట మన యిండ్లలో నేటికిని నిలిచియున్నది. దానితోపాటు అవ్వలు బిడ్డను చాచిన కాళ్లపై పరుండబెట్టి, ముక్కు తీర్చి, తల తీర్చి, నీళ్లు పోయుటయు నిలిచినది. అరచేతితో మెల్లగా నిమిరినంతసేపు అది లాలనయే. గట్టిగా నొక్కినచో మాత్రము అపాయము; నొక్కినంత మాత్రమున తల గుండ్రనగుననుటకు ఆధారమును లేదు. మా యిల్లాలు తల సరిగా తీర్చకపోవుట లోపము కాదు. ఆవాల దిండును గూర్చియు నొక మాట. తల గుండ్రమగుటకై దానిని పెట్టుట మన యిండ్లలో నున్నదే. కాని ఏడాది లోపు బిడ్డ నిద్రించుచోట దిండేదియు తగదని నేటి వైద్యుల మాట. ఊపిరికి అడ్డుపడునని వారి భయము.

ఇక నేటి శిరస్త్రాణము కథ. పాశ్చాత్య దేశములలో బెంజమిన్ స్పాక్ వంటి ప్రఖ్యాత శిశువైద్యుని గ్రంథము గూడ 1950వ దశకము మొదలు బిడ్డను బోరగిల పరుండబెట్టుమని బోధించెను. పిదప, అట్లు పరుండిన బిడ్డలలో నిద్రయందలి హఠాన్మరణములు ఎక్కువని తేలెను. 1992లో అమెరికా శిశువైద్యుల సంఘము బిడ్డను బోరగిల పరుండబెట్టవలదని చెప్పెను. 1994లో వెల్లకిల నిద్రను గూర్చి దేశవ్యాప్త ప్రచారము మొదలయ్యెను. పదేండ్లలో అట్టి మరణములు సగమునకు తగ్గెను. వేలకొలది తల్లుల యొడులు నిండుగా నిలిచెను. దానితోపాటే, వెనుకవైపు చదునైన తలలును పెరిగెను. ప్రాణము దక్కినందులకు చెల్లింపవలసి వచ్చిన చిన్న సుంకమది. మనవారు తరతరములుగా బిడ్డను వెల్లకిలనే పరుండబెట్టుచున్నారు గనుక చదునుతల మనకు క్రొత్త గాదు. దానిని కొలిచి చూచుట క్రొత్త.

తలను సరిచేయుటకు శిరస్త్రాణము వాడిన విధమును స్టెర్లింగ్ క్లారెన్ మొదలగు అమెరికా వైద్యులు 1979లో ప్రకటించిరి. 1998లో ఆ దేశపు ప్రభుత్వము అట్టి పరికరమునకు మొదటిసారి అనుమతి నిచ్చెను. ఇది చినూకుల పలక వంటిది గాదు. పైన తేలికైన ప్లాస్టిక్ చిప్ప, లోపల మెత్తని నురుగుపొర. అది తలను నొక్కదు. ఉబ్బిన చోట తగిలి నిలుచును; చదునైన చోట ఖాళీ విడుచును. తల తనంత తానే ఖాళీవైపునకు పెరుగును. తోటమాలి మొక్కకు ఊతకఱ్ఱ కట్టినట్లే గాని తీగను లాగినట్లు గాదు.

అయినను, దీనిని గూర్చి సత్యము దాచరాదు. 2014లో నెదర్లాండ్సు దేశమున 84 మంది శిశువులపై జరిగిన పరిశోధన ప్రకటింపబడెను. మెడపట్టు లేని, మధ్యమమో తీవ్రమో యైన వంకర గల బిడ్డలు వారు. సగముమందికి శిరస్త్రాణము పెట్టిరి. సగముమందిని ప్రకృతికి విడిచిరి. రెండేండ్ల వయస్సున కొలువగా పూర్తిగా సరియైనవారు మొదటి వర్గమున నూటికి 26 మంది, రెండవ వర్గమున 23 మంది; చెప్పుకోదగిన భేదము లేదు. పైగా ధరించిన వారిలో నూటికి 96 మందికి చర్మము కందెను. 77 మంది తలిదండ్రులు బిడ్డను మనసార హత్తుకొనుటకు అది అడ్డమైనదనిరి. 2016లో అమెరికా నరశస్త్రవైద్యుల సంఘము, మొదట పరుండు తీరు మార్చుటయు, మెడకు వ్యాయామమును చేయించి, అప్పటికిని వంకర మధ్యమముగనో తీవ్రముగనో నిలిచినచో శిరస్త్రాణము వాడుడని సూచించెను. కపాలపు అతుకులు ముందే మూసుకొనిపోవు వ్యాధి వేఱు. దానికి శస్త్రచికిత్స వలయును. చిన్న గాటుతో చేయు కొన్ని చికిత్సల పిమ్మట శిరస్త్రాణము తప్పనిసరి. ఇది వైద్యుడు నిర్ణయింపవలసినదే గాని పొరుగింటివారు నిర్ణయింపవలసినది గాదు.

మా మనుమనికి రెండు నెలలు వ్యాయామము చేయించితిమి. మేలుకొని యున్నపుడు చాపపై బోరగిల పరుండబెట్టి ఎదుట గిలక్కాయ లాడించితిమి. పడక దిశ మార్చి, వాడు కిటికీ వెలుగునకై రెండవవైపు తల త్రిప్పునట్లు చేసితిమి. మెడ సడలెను, తల కొంత మాత్రమే సరియయ్యెను. ఆఱవ నెలలో, వేసవి మొదటనే, శిరస్త్రాణము వచ్చెను.

మొదటి దినమున లిఫ్టులో నొక పెద్దమనిషి “బండి కొనకముందే హెల్మెట్టా, బాబూ!” అని నవ్వెను. మా యిల్లాలు పదిదినములు క్రింది తోటకు దిగలేదు. నాకు మాత్రము శ్రీనాథ మహాకవి తలపునకు వచ్చెను. కర్ణాట రాజసభకు పోయి, అలవాటులేని కుల్లాయి ధరింపవలసి వచ్చినందుకు ఆయన చాటువులో వాపోయిన సంగతి మీరెఱుగుదురు. ఆయన కొలువు చాలించి కుల్లాయి తీసివేయగలడు. నోరులేని మా పసివాడు చెమటతో చెంపలెఱ్ఱబాఱి నావైపు చూచును.

అప్పుడు నేనొక తప్పు చేసితిని. కుమారుడును కోడలును కొలువులకు పోయిన పిమ్మట, మా యిల్లాలు కునుకు తీయు వేళ, జాలిచే శిరస్త్రాణము తీసి రెండుమూడు గంటలు ప్రక్కన పెట్టుచుంటిని. వారము దినములట్లు జరిగెను. తీసి పెట్టినకొలది సాయంకాలము మరల తొడుగునపుడు వాడు మఱింత యేడ్చుచుండెను, అలవాటు కుదురలేదు. చర్మము కందెను. కోడలు కారణము తెలియక, సెలవు పెట్టి, వాని ప్రక్కన కూర్చుండి తానును ఏడ్చెను. అప్పుడు నేను నిజము చెప్పితిని. ఆమె నన్ను నిందింపలేదు. “మామయ్యగారూ, మీకు జాలి ఎందుకు కలిగిందో అది సరిచేద్దాం, హెల్మెట్ తీయడం కాదు” అనెను. నలువది పాఠ్యపుస్తకములు బోధించిన నాకు ఆ యమ్మాయి ఒక్క వాక్యమున పాఠము చెప్పెను.

అటుపిమ్మట మేము నేర్చిన పద్ధతులను మనవి చేసెదను. మొదట గంటసేపు తొడిగి గంటసేపు తీసి, కొలది దినములలో క్రమముగా 23 గంటలకు పెంచవలెను. మొదటి వారము రెండువారములు చెమట మిక్కుటము. పిదప దేహము అలవాటుపడును. కావున గది చల్లగా నుండవలెను. బిడ్డకు పలుచని నూలు చొక్కా యొక్కటి చాలును. ఎండలో త్రిప్పరాదు. చెమట పట్టినపుడు శిరస్త్రాణము తీసి తలయు లోపొరయు పొడిగుడ్డతో తుడిచి మరల తొడుగవలెను. ఇది నిమిషముల పని, గంటల పని గాదు.

మిగిలిన ఆ యొక్క గంట స్నానపు గంట. తల కడిగి, వెండ్రుకలు పూర్తిగా ఆరిన పిదపనే తొడుగవలెను. తయారుచేసినవారు చెప్పిన రీతిని లోపొరను ప్రతిదినము శుభ్రపఱచి ఆరనీయవలెను. లేనిచో వాసన పట్టును. తలకు నూనె గాని, పౌడరు గాని, లేపనము గాని రాయరాదు. అవి లోపొరలో ఇంకి, చర్మమును చెఱచును. మా యిల్లాలికి అన్నిటికంటె కష్టమైన నియమ మిది. మాడుకు నూనె మానినదినమున ఆమె దేవునికి క్షమాపణ చెప్పుకొనెను. నూనె యంతయు కాళ్లకు చేతులకు మర్దించి తృప్తిపడెను.

తీసిన వెంటనే తలను చూడవలెను. గులాబి వన్నె మచ్చ గంటలోపల మాసిపోయినచో భయము లేదు. మాయని ఎఱ్ఱదనము, పొక్కు, పుండు కనబడినచో శిరస్త్రాణము తొడుగక, చేసినవారికి చూపవలెను; వారు లోపొర నరగదీసి సరిచేయుదురు. తల పెరుగుచుండును గనుక రెండుమూడు వారముల కొకసారి ఎట్లును చూపవలసినదే. జ్వరము వచ్చినపుడు తీసివేసి వైద్యునడుగవలెను. అన్నిటికంటె ముఖ్యము, బిడ్డను ఎత్తుకొనుట మానరాదు. చిప్ప భుజమునకు గట్టిగా తగిలినను, చెంపకు చెంప చేర్చుటకు చోటున్నది. నెదర్లాండ్సు తలిదండ్రులు చెప్పుకొన్న వెలితి యిదియే; దానిని పూరించుట మన చేతిలోని పని.

శ్రోతలారా, మొదట రెండు ప్రశ్నలు వేఱు గావంటిని. హూణుడు బిడ్డ తలను తన వంశగౌరవమునకై కట్టెను. అందుచే బిడ్డ నొప్పిని లెక్కింపలేదు. చరకుడు బిడ్డ కొఱకే తల కప్పెను. అందుచే మెత్తని దూదిని కోరెను. తొడుగు ఎవరి కొఱకో నిర్ణయమైనచో, అందు బిడ్డ సుఖమునకు ఎంత విలువయో తానే నిర్ణయమగును. లిఫ్టులోని పెద్దమనిషి నవ్వునకు జడిసి తొడుగుటయు తగదు, తీయుటయు తగదు. నావలె జాలిపడి దొంగచాటుగా తీయుటయు సుఖము గాదు. అది పెద్దవాని మనస్సునకు సుఖము.

నాలుగు నెలలకు మా మనుమని శిరస్త్రాణము దిగెను. తల మునుపటికంటె చక్కగా నున్నది. చేతితో తడిమినచో కుడివైపున కొద్దిపాటి చదును నాకింకను తెలియును. సరియైనంత మేర శిరస్త్రాణము వలననో, పెరుగుదల వలననో, వ్యాయామము వలననో నేను చెప్పజాలను. ఆ సాయంకాలము మా యిల్లాలు గోరువెచ్చని నూనె తెచ్చి, వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, మాడుమీద అరచేయి నుంచెను. వాడు కన్నులు మూసికొని కదలకుండెను.