సొంతవారి బేరము



బడి పని చాలించి యింట నున్న నన్ను మా భోగాపురపు పెద్దలు కొందఱు అడుగుచున్నారు: "పంతులుగారూ, మా మనుమడు చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి, దేశదేశముల కంపెనీల పన్ను లెక్కలలో ప్రవేశింతు ననుచున్నాడు. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగట! అది పన్ను నెగవేయు విద్య కాదు గదా?" ఈ శంక సహేతుకమే. సమాధానము చరిత్రలో కలదు.

మనకు దక్షిణమున కొలది క్రోసుల దూరముననున్న భీమునిపట్టణమున 17వ శతాబ్దిలో డచ్చివారు వర్తకస్థానము నెలకొల్పిరి. 1602లో నేర్పడిన వారి కంపెనీ యీ తీరపు నేతబట్టలను దీవులకు పంపి, అచ్చట సుగంధద్రవ్యములు కొనెడిది. ఇచ్చట పంపినదియు కంపెనీయే, అచ్చట నందుకొన్నదియు కంపెనీయే. మూటపై నే వెల వ్రాసినను కాదనువాడెవడు? బెటేవియా లెక్కలు వేఱు, హాలండు లెక్కలు వేఱు. రెంటిని గలిపి చూచు పద్ధతియే లేకుండెను. 1825లో భీమిలి యింగ్లీషువారి పాలయ్యెను. మన దేశమున ఆదాయపు పన్ను 1860లో వచ్చెను. లాభముపై పన్ను వచ్చిన పిదపనే సొంతవారి బేరము తగవునకు మూలమయ్యెను.

మన గోగునారనే తీసికొనుడు. భీమిలి రేవు పేరనే అది విదేశములందు బిమ్లి జూటుగా ప్రసిద్ధి కెక్కినది. అన్నకు ఇచ్చట నార కొట్టు, తమ్మునికి పన్ను తక్కువగల పరదేశమున కొట్టు ననుకొనుడు. మణుగు పది రూపాయలు పలుకు నారను అన్న తమ్మునికి ఆఱు రూపాయలకే వ్రాసెను. కుటుంబమునకు దమ్మిడీ నష్టము లేదు. నాలుగు రూపాయల లాభము మాత్రము ఓడ యెక్కి పరదేశమున దిగినది. తఱిగినది మన ఖజానా. అనగా మన బడి, మన చెఱువుగట్టు.

దీనికి నానాజాతి సమితి 1933లో నొక ముసాయిదా సిద్ధపఱచెను. సంబంధము లేని యిద్దఱు బేరమాడినచో నే వెల కుదురునో, సొంతవారి నడుమను ఆ వెలయే ప్రమాణమని దాని సారము. మన దేశమున 2001 ఫైనాన్సు చట్టము వివరమైన నిబంధనలను దెచ్చెను. వెల కట్టు పద్ధతిని ముందుగనే ప్రభుత్వముతో నొడంబడిక చేసికొను వీలు 2012లో కలిగెను. 2021లో 130కి పైబడిన దేశములు మిక్కిలి పెద్ద కంపెనీల లాభముపై నూటికి 15 వంతులకు తక్కువ కాని పన్నుండవలెనని సమ్మతించెను.

కావున నిది వెల తేల్చు విద్య. నార నాణ్యమెట్టిది, నష్టభయమును మోసినదెవరు, అట్టి బేరము పరాయివారి నడుమ నెచ్చట జరిగినది, ఇవన్నియు విచారింపవలెను. కంపెనీ పక్షమున నొకరు, ప్రభుత్వ పక్షమున నొకరు అవే కాగితములను ముందిడుకొని వాదింతురు. మాగాణిని మెట్టగా వ్రాసిన కరణమును మీలో ననేకులు చూచియుందురు. 1984లో ఆ యుద్యోగమే రద్దయ్యెను గాని, కలము పట్టినవాని శోధన యెచ్చటికి పోవును? తప్పుడు వెలకు సాక్ష్యము సృష్టించి యిమ్మని యజమాని యడుగు దినము ఈ వృత్తిలోను రావచ్చును. ఆ దినమున "వ్రాయను" అనగలవాడైనచో పిల్లవానిని పంపుడనియే నా యభిప్రాయము. ఇంగ్లీషుతోబాటు న్యాయశాస్త్రము, అర్థశాస్త్రము కూడ చదివింపుడు. వీలైనచో నొక యేడాది సరకు గిడ్డంగిలో లెక్క వ్రాయనిండు. సరకు నెన్నడును ముట్టనివాడు దాని వెల నెట్లు చెప్పును?