మర్లవాయి నుంచి అమ్రోలి దాకా

తాపీ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలి 2006లో సూరత్ నగరపాలక సంస్థ పరిధిలో చేరింది. అక్కడ ఆర్ట్స్, కామర్స్ కళాశాల ఉన్నది. నదికి ఈవలనున్న నగరంలో తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా మరమగ్గాల మీద జీవిస్తున్నవి. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నెలకొల్పింది. ఆ పిల్లల్లో ఒకరు అమ్రోలి కళాశాలలో చేరి, మానవశాస్త్రంపై మక్కువ పెంచుకొంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ ప్రాంతం ఆ శాస్త్రానికి కొత్త కాదు. డచ్ పండితుడు యాన్ బ్రెమన్ 1962లో దక్షిణ గుజరాత్ పల్లెలకు వచ్చి, భూస్వాములకూ 'హాలీ' పాలేర్లకూ గల సంబంధాన్ని పరిశీలించారు. తరువాత సూరత్ కార్మికుల జీవితాన్నీ పరిశోధించారు. అయితే ఈ అధ్యయనాల్లో ప్రశ్నించేవారు బయటివారు, జవాబు చెప్పేవారు స్థానికులు.

తెలుగునాట రెండు ఉదాహరణలున్నవి. 1951-52లో ఎస్.సి. దూబే నాయకత్వాన ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం హైదరాబాదు సమీపాన శామీర్‌పేటను అధ్యయనం చేసింది. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివేవారు సైతం అందులో పాల్గొని, సేవ చేస్తూనే పరిశీలించారు. 1955లో వెలువడిన 'ఇండియన్ విలేజ్' గ్రంథం ఆ శ్రమ ఫలం. దీన్ని ప్రశంసించవలసిందే, కాని నోటుపుస్తకం విద్యార్థి చేతిలోనే ఉండిపోయింది.

మర్లవాయి కథ వేరు. 1940లో కుమురం భీమ్ మరణించిన పిదప, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకొనేందుకు నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశీయుడైన హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన అధ్యయనంతో ఆగలేదు. మర్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. పరిశీలనకు గురైనవారి చేతికే సుద్దముక్క అందింది! అధికారిగా నాకు ఇదే విలువైనదిగా తోస్తుంది. నివేదికలు మేమూ రాస్తాం, దస్త్రాల్లో భద్రపరుస్తాం. అవి అక్కడే నిద్రిస్తాయి.

అమ్రోలి విద్యార్థికి అధ్యయన క్షేత్రం వెదకవలసిన పని లేదు. ఏ ఊరివారు ఎవరి వెంట సూరత్ వచ్చారు, మగ్గం కూలిని ఎలా లెక్కిస్తారు, పెళ్లి సంబంధాలు ఇక్కడే చూస్తారా, తెలంగాణలో చూస్తారా? మేనమామనూ, అమ్మమ్మనూ అడిగితే చాలు. కష్టమైనది అడగడం కాదు. వారు చెప్పినదాన్ని వారి మాటల్లోనే రాసి, వారికి చదివి వినిపించడం.