ఆగిపోవు పడవ మోటారు

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినప్పుడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఉన్నచోట ఒక చింతచెట్టుపై కెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. నీరు తీయు వరకు ఆ కొమ్మలే వారికి దిక్కయినవి. ఆనాటికి పడవకు తెడ్డు, గడ, తెరచాప ఉండెను. లేనిచో పడవ కడుపులో శాశ్వతముగా బిగించిన బరువైన యంత్రముండెను. ఒక మనిషి భుజముపై మోసికొని వచ్చి, ఏ పడవకు కావలెనన్న ఆ పడవ వెనుక తగిలింపగల మోటారు ఆ రోజులలోనే అమెరికాలోని మిల్వాకీ పట్టణమున ఒక చిన్న పనివాని చేతిలో రూపు దిద్దుకొనుచున్నది.

తరువాత 112 సంవత్సరములకు, 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన వానకు అదే నగరపు వీధులలో పడవలు నడుపవలసి వచ్చెను. రబ్బరు పడవలను లారీలలో తెచ్చిరి. ఇట్టి పడవలకు వెనుక తగిలించు యంత్రమునే ఔట్‌బోర్డు మోటారు అందురు. పడవ పలక కివతల గాక, అవతల వ్రేలాడునది గనుక ఆ పేరు వచ్చినది. ఇది నడచునంతసేపు దీనికి మించిన సేవకుడు లేడు. ప్రవాహమధ్యమున ఆగినచో మాత్రము పడవ అడ్డము తిరుగును, లోపలివారి ప్రాణములు నీటిపాలగును. అందుచే ఈ మోటారు చరిత్రను చదువుటకు మంచి మార్గము అది ఎంత వేగముగా పరుగెత్తినదో చూచుట కాదు, ఎందుచేత ఆగినదో చూచుటయే.

1881లో గుస్తావ్ త్రూవే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పారిస్ నగరమున సేన్ నదిపై ఒక చిన్న పడవను విద్యుత్తుతో నడిపెను. మోటారును చుక్కానికే బిగించుటచే పడవను నడుపుట, త్రిప్పుట ఒకే పరికరముతో సాధ్యమయ్యెను. కావలసినప్పుడు ఆ చుక్కానిని ఊడదీసి పట్టుకొని పోవచ్చును. ఆలోచన సంపూర్ణమే, కాని ఆనాటి బాటరీలు బరువైనవి, త్వరగా అయిపోవునవి. ఆ మోటారు ఆగుటకు కారణము ఒక్కటే, అది అందరికిని తెలిసినదే.

పెట్రోలు యంత్రము వచ్చిన పిదప కారణములు పెరిగినవి. యేల్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివిన కామెరన్ వాటర్‌మన్ అను యువకుడు మోటారు సైకిలు యంత్రమును పడవకు తగిలించి 1905లో డెట్రాయిట్ నదిపై పరీక్షించెను. మొదట గొలుసుతో ప్రొపెల్లరును త్రిప్పెను. నీటిలో గొలుసు నిలుచునది కాదు గనుక తరువాత నిలువు ఇరుసును, పండ్లచక్రములను వాడెను. మిల్వాకీలోని ఓలే ఎవిన్రూడ్ 1909లో అమ్మకమునకు తెచ్చిన మోటారు శక్తి ఒకటిన్నర అశ్వబలము, బరువు సుమారు 28 కిలోలు. పైన గతిచక్రము, దాని క్రింద అడ్డముగా సిలిండరు, నిలువు ఇరుసు, నీటిలో పండ్లచక్రములు, ప్రొపెల్లరు: నేటి మోటారులకును మూల రూపమిదే. నార్వేలో పుట్టి పనివాడుగా ఎదిగిన ఎవిన్రూడ్ యంత్రములను చూచుకొనగా, భార్య బెస్ వ్యాపార వ్యవహారములను చక్కబెట్టెను. ఎవిన్రూడ్ పేరిట మోటారుల తయారీ 2020లో, అనగా హైదరాబాదు వీధులలో పడవలు తిరిగిన సంవత్సరముననే, నిలిచిపోయినది.

భుజముపై మోయదగినంత తేలికగా చేయవలెనన్నచో కొన్నిటిని వదలుకొనక తప్పదు. ఇంగ్లండులో జోసెఫ్ డే 1891లో రూపొందించిన రెండు ఘాతముల యంత్రము ఇందుకు అక్కరకు వచ్చెను. కవాటములు పోయినవి, నూనె తొట్టి కూడ పోయినది. నూనెను పెట్రోలులోనే కలిపి పోయుదురు, ఇటీవలి యంత్రములకు 50 పాళ్ళకు ఒక పాలు. నూనె తగ్గినచో పిస్టను పట్టుకొనిపోవును. ఎక్కువైనచో స్పార్కు ప్లగ్గు కొసలు మసిబారి నిప్పురవ్వ పుట్టదు. రేడియేటరు కూడ పోయినది. పడవ క్రింది నీటినే ఒక చిన్న రబ్బరు రెక్కల పంపు పైకి తోడి సిలిండరు చుట్టును త్రిప్పి బయటికి వదలును. ఇట్లు వదలిన భాగమే గుర్తునకై ఒక సన్నని ధారగా మోటారు ప్రక్కనుండి చిమ్మును. అనుభవజ్ఞుడు మోటారు శబ్దమును చెవితో విన్నను, కన్ను మాత్రము ఆ ధారపైననే ఉంచును. ధార సన్నగిల్లినదన్న, క్రింద ఏదో అడ్డుపడినదని అర్థము.

పెట్రోలు టాంకు మూతపై నొక చిన్న గాలి మర ఉండును. ప్రయాణములో పెట్రోలు ఒలుకకుండ దానిని బిగించి, పడవలో కూర్చున్న పిదప విప్పుట మరతురు. మోటారు చక్కగా అంటుకొనును. కొన్ని నిమిషములు నడచును. పెట్రోలు తగ్గిన కొలది టాంకులో గాలి పీడనము పడిపోయి, పంపు లాగినను పెట్రోలు రాదు. మోటారు మూలిగి ఆగును. నడిపించువాడు ప్లగ్గు విప్పును, తుడుచును, తాడు లాగును. ఈలోపల సందులగుండ కొంత గాలి చొరబడుటచే మోటారు తిరిగి అంటుకొనును. ప్లగ్గే కారణమని అతడు నమ్మును! మరికొన్ని నిమిషములకు మరల అదే కథ. నడిచి, ఆగి, విరామము తరువాత నడచు మోటారునకు మొదట చూడవలసినది గాలి మర అని చెప్పుటకు ఏ గ్రంథమును అవసరము లేదు. గొట్టములోని రబ్బరు బుడ్డి నొక్కుకొనిపోయి చదునుగా కనబడుటయే సాక్ష్యము. పెట్రోలులో నీరు కలిసినచో లక్షణము వేరు. నీరు బరువైనది గనుక కార్బురేటరు గిన్నె అడుగున చేరి, పడవ ఊగినప్పుడెల్ల రంధ్రమున కడ్డుపడును. అట్టి మోటారు లెక్కలేకుండ తడబడును.

తెలుగుదేశపు సముద్రతీరమున ఈ సమస్య మరియొక రూపు దాల్చినది. పెట్రోలు ప్రియము గనుక కిరసనాయిలుతో నడచు మోటారులు వచ్చినవి. 1980 దశకమున కేరళ తీరమున ఇవి వేగముగా వ్యాపించెను. కిరసనాయిలు చల్లని యంత్రములో సులభముగా ఆవిరి కాదు. అందుచే మొదట పెట్రోలుతో అంటించి, వేడెక్కిన పిదప కిరసనాయిలునకు మార్చవలెను. ఒడ్డు చేరకముందే మరల పెట్రోలునకు మార్చి, గిన్నెలోని కిరసనాయిలు కాలిపోవునట్లు చూచుకొనవలెను. లేనిచో మరునాటి తెల్లవారుజామున ఎంత లాగినను మోటారు పలుకదు. ఇదియొక శాస్త్రవిషయమని జాలరులకెవరును పాఠము చెప్పలేదు. తాడు లాగి లాగి వాచిన చేతులే వారికి చెప్పినవి.

కాని ఉప్పాడ వంటి తీరములలో కష్టము మరొకటి. అక్కడ పడవను ఇసుకపైనుండి తోసి, విరిగిపడు అలలను దాటింపవలెను. ఆ కొన్ని నిమిషములలో మోటారు ఆగినచో పడవ అలకు అడ్డముగా తిరిగి బోల్తాపడును. వెనుక వ్రేలాడు మోటారునే అల ముందుగా ముంచును. కార్బురేటరులోనికి ఉప్పునీరు పోవును. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1979లో మద్రాసు కేంద్రముగా ఆరంభించిన బంగాళాఖాత కార్యక్రమమున ఇసుకతీరపు పడవలను రూపొందించి, 1980 దశకమున ఉప్పాడలో వేటకు పంపి పరీక్షించిరి. వీటిలో డీజిలు యంత్రమును పడవ లోపల ఉంచి, తీరమును చేరునప్పుడు ప్రొపెల్లరును ఇరుసుతో సహా పైకెత్తు ఏర్పాటు చేసిరి. డీజిలునకు ప్లగ్గు లేదు, నిప్పురవ్వతో పనిలేదు, ఖర్చును తక్కువ. అనగా మోటారు ఆగు కారణములలో ఒక పెద్ద భాగమును మూలముననే తీసివేసిరి. నేటి ఫైబరు తెప్పలపై పొడుగాటి ఇరుసుతో కనబడు డీజిలు యంత్రములు కూడ ఈ మార్గముననే ఉన్నవి.

హైదరాబాదు సముద్రమునకు దూరమే కాదు, ఎత్తునను ఉన్నది. నగరము సుమారు 540 మీటర్ల ఎత్తున నుండుటచే ఇక్కడి గాలి సాంద్రత తీరముకంటె నూటికి ఐదుపాళ్ళు తక్కువ. కాకినాడలో సరిచూచి తెచ్చిన కార్బురేటరు మోటారునకు ఇక్కడ గాలి తగ్గి, పెట్రోలు ఒకింత అధికమగును. ఒక్క దానివలననే మోటారు ఆగదు గాని, నెమ్మదిగా చాలసేపు నడిపినచో ప్లగ్గు త్వరగా మసిబారుటకు ఇదియొక కారణము. హుస్సేన్‌సాగరమున గుర్రపు డెక్క తీగలు ప్రొపెల్లరును చుట్టుకొనును. వీధి వరదలో ఆ పని పాత చీరలు, తాళ్ళు చేయును. నీరు పీల్చు రంధ్రములను ప్లాస్టిక్ సంచులు మూయును. బురదనీటిలోని ఇసుక పంపు రబ్బరు రెక్కలను అరగదీయును. నీట మునిగిన గట్టునకు ప్రొపెల్లరు తగిలినప్పుడు పండ్లచక్రములు విరుగకుండ, దానిని పట్టియుంచు మెత్తని లోహపు మేకు తానే తెగిపోవునట్లు పూర్వపు నిర్మాతలు ఏర్పాటు చేసిరి. అప్పుడు మోటారు మ్రోగుచునే ఉండును, పడవ మాత్రము కదలదు. మోటారుతోపాటు అట్టి మేకులు నాలుగు, విప్పుటకొక పట్టుకారు, రెండు ప్లగ్గులు పడవలో లేనిచో తెడ్లే గతి.

ప్రొపెల్లరు తిరుగుటకు అడుగున్నర, రెండడుగుల నీరు కావలెను. కృష్ణానగరు వంటి పల్లపు బస్తీలో వాన కురిసిన రాత్రి మోకాలిలోతు నీరు నిలిచినచో, వృద్ధులను, పసిపిల్లలను దాటించుటకు పడవ కావలెను గాని మోటారు పనికిరాదు. దానిని వెనుకకు మడిచి పైకెత్తి, ఇద్దరు మనుష్యులు ముందు నడచుచు పడవను తాడుతో లాగవలెను. నీటిలోపలి మాన్‌హోలు నోరు తెరచియున్నదేమో అని ముందువాడు కర్రతో తడవి చూచుకొనును. తిరిగి వచ్చిన పిదప మోటారును మంచినీటి డ్రమ్ములో దించి, ప్రక్కధార తేటపడు వరకు నడుపుదురు. ఆ ధారలో మొదట వచ్చునది వీధి బురదయే.