గోదా నుండి పంజరమునకు

మా ఉత్తరపు సీమ తెలుగువారికి ఇద్దరు రామమూర్తులను ప్రసాదించినది. శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పండితులతో పట్టుపట్టి వ్యావహారిక భాషను నిలువబెట్టిరి. ఆ తరువాత సుమారు ఇరువది యేండ్లకు, మొన్నటివరకు శ్రీకాకుళమునకును నేడు పార్వతీపురం మన్యం జిల్లాకును చెందిన వీరఘట్టములో జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొని దేశమును విభ్రాంతిలో ముంచిరి. మొదటివారి సీమలో పుట్టియు ఈ వ్యాసమును గ్రాంథికపు పోకడలో వ్రాయుచున్నందుకు ఆ మహనీయుడు నన్ను మన్నించుగాక. నా ప్రసంగము రెండవవారితో ఆరంభమగును.

విజయనగరములో బంధువుల యింట పెరిగి, అచ్చటి తాలింఖానాలో దండీలు బస్కీలు తీసి, కుస్తీపట్లు నేర్చి, మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ ముగించి, తిరిగి విజయనగరముననే డ్రిల్లు మేష్టరుగా కుదిరిన ఆ యువకుడు పొట్టి పంతులుగారి తోడ్పాటుతో సర్కసు డేరా నెత్తిన నాటినుండి, బలమనునది టిక్కెట్టు కొని చూడదగిన వస్తువని మన సీమవారికి తెలిసివచ్చినది. ఉక్కు గొలుసును కండల బిగింపుతో త్రెంచుట, ముందునకు దుమికెడి మోటారు కార్లను కదలనీయక పట్టి యుంచుట, తుదకు ఏనుగు. డేరాయు, బ్యాండు మేళమును, దీపములును, ఏ యంశము వెనుక ఏ యంశము రావలెనను క్రమమును అన్నియు నాటకమునకు చెందినవే. కలియుగ భీముడనబడిన ఆ రామమూర్తి లేచి నిలిచి నమస్కరించునని ప్రేక్షకుడు ముందే యెఱుగును. కాని ఏనుగు బరువు మాత్రము నాటకము కాదు. ఆ జంతువు ఏ కథకును ఒప్పుకొని వచ్చినది కాదు.

మా పల్లెలలో కుఱ్ఱవాండ్రు సంగిడిరాయి నెత్తునపుడును ఇంతే. రాయి లేచినదా లేదా అనుటకు సాక్షి యక్కఱలేదు. ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము దెచ్చిన వేదిక ఆ సంగిడిరాతికి దూరపు చుట్టమే.

రాతికి లేని చిక్కు మల్లునికి కలదు. రాయి లొంగును, లేదా లొంగదు. ఎదుటి మల్లుడో, నేలకఱచుకొని పడియుండగలడు. 1910 సెప్టెంబరు 10వ తేదీన లండనులో గామా పహిల్వానుతో తలపడిన పోలెండు మల్లుడు స్టానిస్లాస్ జ్బిస్కో చేసినది అక్షరాల ఇదియే. రెండు గంటల ముప్పదియైదు నిమిషములలో మిక్కిలి కాలము ఆ మహాకాయుడు బోర్లపడి చాపకు అంటుకొనిపోగా, గామా పైనుండి ఎంత పెకలింపజూచినను వెల్లకిల బడలేదు. ఆట సమమైనదనిరి. వారము తిరిగిన పిమ్మట మఱల రావలసిన జ్బిస్కో రానేలేదు; పందెపు బెల్టు గామాకు దక్కెను. 1928లో పటియాలాలో ఇరువురు మరల కలిసినపుడు నిమిషమైనను పట్టలేదు.

నిజమైన కుస్తీలో రెండున్నర గంటల విసుగును, నిమిషమైనను పట్టని మెఱుపును రెండును గలవు. ఏది యెన్నడు వచ్చునో డబ్బు తీసికొన్నవాడు చెప్పలేడు. ఈ అనిశ్చయమును భరింపలేక అమెరికాలో వ్యాపారులు 1920ల నాటికి ఆటను కుదించి, ఎగురుటలు దుముకుటలు చేర్చి, గెలుపోటములను ముందే నిర్ణయించు పద్ధతిని స్థిరపఱచిరి. చిత్రమేమన, 1925లో వేన్ మన్ అను పూర్వపు ఫుట్‌బాల్ ఆటగానికి ఓడిపోయెదనని మాటయిచ్చి, గోదాలో మాట తప్పి, నిజముగా కుస్తీపట్టి కిరీటమును గైకొన్నవాడు కూడ ఈ జ్బిస్కోయే! నాటకమును నిజము చేసి ఒకరిని మోసగించిన ఘనత చరిత్రలో కొందఱికే దక్కును.

ఆ వ్యాపారమే ఏడు దశాబ్దముల పిమ్మట కేబుల్ తీగ వెంట మన యిండ్లలోనికి వచ్చినది. శ్రీకాకుళములో 1990లలో బడికి పోయినవారికి హల్క్ హోగన్, అండర్‌టేకర్ అను పేర్లు ఎక్కాలకంటె ముందు కంఠస్థమయ్యెను. ఎత్తు, బరువు, ఛాతి, ర్యాంకు అచ్చువేసిన పేకలను చేతులలో దాచుకొని పందెము లాడని బెంచీ లేదు. అది ఉత్తుత్తిదని పెద్దలు నవ్వినప్పుడెల్ల పిల్లలు రక్తము చూపించి వాదించిరి. ఆ వాదమునకు జవాబు అమెరికాలో అప్పటికే దొరికినది: తమది పోటీ కాదనియు వినోదమనియు 1989లోనే ఆ కుస్తీలను నడపెడి డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. సంస్థవారు న్యూజెర్సీ శాసనసభ్యుల యెదుట, క్రీడాసంఘపు పన్నులును తనిఖీలును తప్పించుకొనుటకై, తమంతట తామే ఒప్పుకొనియుండిరి.

ఇందుకు వారిని నిందించుట నాకు రుచింపదు. మా తూర్పు భాగవతములో సత్యభామ వేషము కట్టినవాడు మగవాడని ఎవడైనను టిక్కెట్టు డబ్బు తిరిగి యిమ్మనెనా? కాని భాగవతులు తాము భాగవతులమని చెప్పియే గజ్జె కట్టుదురు. వీరు మాత్రము చిరకాలము అది రణమే యని నమ్మింపజూచిరి. ఆ నమ్మిక చెదరిన కుఱ్ఱవాడు రెండు త్రోవలలో నొకటి పట్టును. నాటకమును నాటకముగానే ప్రేమించును. లేదా ఏనుగు బరువును వెదకుకొనుచు పోవును.

ఆ రెండవ త్రోవను మల్లులే ముందు త్రొక్కిరి. ప్రదర్శనకుస్తీలో మహానటుడైన జపాను ఆంటోనియో ఇనోకి 1976 జూన్ 26న టోక్యోలో ముహమ్మద్ అలీతో పదునైదు రౌండ్లు తలపడి, మిక్కిలి భాగము వెల్లకిల పండుకొని కాళ్లు తన్ని, సమముగా ముగించి తిట్లు తినెను. ఆ డిసెంబరులోనే కరాచీలో గామా తమ్ముని కుమారుడైన అక్రమ్ పహిల్వాన్ ఇనోకి పట్టులో చేయి విఱుగగొట్టుకొనెను. తరువాత 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్ నగరమున, ఎనిమిది మూలల పంజరములో, యూ.ఎఫ్.సి. అను నిజపు పోరాట పోటీలలో మొదటిది జరిగినది. ఎనుబది కిలోల పాటి రోయిస్ గ్రేసీ అను బ్రెజిలు యువకుడు ఒక్క రాత్రిలో మువ్వురిని లొంగదీసెను. ఆ మువ్వురిలో నొకడు ఒంటిచేతికే గ్లౌజు తొడిగి వచ్చిన ముష్టియోధుడు. మఱియొకడు కెన్ షామ్రాక్, అనంతరకాలమున డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. తెరపై మనవారు చూచినవాడే. 2002లో ప్రదర్శనకుస్తీ కిరీటము ధరించిన బ్రాక్ లెస్నర్ 2008 నవంబరులో ర్యాండీ కుటూర్‌ను నిజముగా పడగొట్టి పంజరపు కిరీటమును ధరించుటతో, పాత ప్రేక్షకులనేకులు అతని వెంటనే వంతెన దాటిరి. పూరీ జగన్నాథ్ పంజరపు పోరు కథతో తీసిన ‘లైగర్’ చిత్రము 2022లో వచ్చునాటికి తెలుగు ప్రేక్షకునికి ఎమ్.ఎమ్.ఎ. అను ఆ పోరు పేరు క్రొత్త మాట కాదు. 2024 జూన్‌లో పూజా తోమర్ యూ.ఎఫ్.సి.లో గెలుపొందిన తొలి భారతీయురాలయ్యెను.

పంజరములోని రక్తమును చూడలేక నేను ముఖము త్రిప్పుకొనిన సందర్భములున్నవి. దానిని కళయని పొగడుటకు నా కలము ఒప్పుకొనదు. కాని క్రొత్తగా చూచువానిని బాధించునది రక్తము కాదు, విసుగు. ప్రదర్శనకుస్తీలో ప్రతి దెబ్బయు చివరి బెంచీవానికి అర్థమగునట్లు మలచబడును; ఓడువాడు సైతము గోదా యంతయు ప్రాకి, త్రాడు నందుకొనబోయి, చేయి జారి, మన గుండెను పిండి గాని యోడడు. పంజరములో ఇద్దరును నేలబడి, ఒకని మోచేతి క్రింద మఱొకని మెడ యిమిడి, ఏమియు జరుగనట్లే నిమిషము గడచును, అంతలో లొంగితినని చేయి రెండు మార్లు తట్టును, ఆట ముగియును. ఏమైనదో తెలియుటకు మఱల త్రిప్పి చూడవలెను.

మొన్న మా వీధిలో ఒక అరుగుమీద తాతయు మనుమడును ఒకే సెల్‌ఫోనులో తలలు దూర్చి ఇట్టి పోటీని చూచుచుండిరి. తాత యౌవనమున గరిడీలో సాము చేసినవాడు. తెరమీద ఇద్దరు మల్లులు కదలక పడియుండగా మనుమడు విసిగి వ్రేలితో ముందుకు జరుపబోయెను.

“ఏటి తాతా, ఇద్దరూ తొంగున్నారు!”

ముసలివాడు వాని వ్రేలు పట్టుకొని యాపెను. “ఉండ్రా బాబూ. కిందున్నోడి మెడకాడ ఆడి సెయ్యి సూడు. అయిపోనాది.”

రెండు క్షణములకు క్రిందనున్న మల్లుని చేయి చాపను తట్టినది.