బొగ్గునేలకు వచ్చిన సముద్రము

రామగుండమునకు సముద్రము మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఊరి ప్రక్కనే గోదావరి పాఱుచున్నను, ఆ నది సముద్రమునకు పోవునదే కాని సముద్రమును వెంటబెట్టుకొని వచ్చునది కాదు. ఉప్పునీటినుండి ఎదురీది వచ్చు పులస చేపకు సైతము, 1852లో కాటను దొర పూర్తిచేసిన ధవళేశ్వరము ఆనకట్ట అడ్డుగోడ యైనది. ఇట్టి మెట్టసీమలో, గోదావరిఖని బొగ్గుగనుల క్వార్టరులలో, నేడొక యిల్లాలు ఆదివారమునాడు రొయ్యలతో ఇటలీవారి పాస్తా వండి పిల్లలకు పెట్టినచో, ఇది టెలివిజను తెచ్చిపెట్టిన నిన్నటి వింత యని పెద్దలు పెదవి విఱుచుట కద్దు. పాస్తా కొత్తదే, కాదనను. కాని ఈ నేలమీద సముద్రపు రుచి చాల పాతది. అది ఎండి వచ్చినది గనుక మనము దానిని గుర్తింపలేదు.

మొదట వచ్చినది ఉప్పు. రైలు పట్టాలు లేని కాలమున ఎద్దుల మందలపై సరకులను దేశమంతట త్రిప్పిన లంబాడీల బిడారులను పదునేడవ శతాబ్దిలో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే చూచి, ఒక్కొక్క తెగవారు ఒక్కొక్క సరకునే మోయుదురనియు, అందొక తెగ వంతు ఉప్పే యనియు వ్రాసియుంచెను. ఉప్పు పట్టించి యెండించిన చేప నెలల తరబడి చెడదు గదా. ఉప్పు నడచిన బాట యెల్ల దానికిని బాటయే.

ఉప్పు పిమ్మట బాట వేసినది బొగ్గు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనుట, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడుట, 1889లో త్రవ్వకము మొదలగుట, 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ దాని ఆస్తులను గైకొనుట, ఇవి యిచ్చటి బడిపిల్లలకును కంఠస్థములు. నిజాము రైలు ఆ దినములలోనే బెజవాడను చేరిన సంగతిని మాత్రము వంటయింటితో ముడిపెట్టి చూచినవారు తక్కువ. అటుపిమ్మట 1929 నాటికి కాజీపేట బల్లార్షా మార్గము పూర్తియై రామగుండము గుండ పోయినది. బొగ్గును మోసిన పట్టాలే తీరమునకును దారి చూపినవి. ఈ నేల అడుగున సముద్రమైన లేదు సుమా: మన బొగ్గును పుట్టించినవి కోట్ల యేండ్లనాటి మంచినీటి చిత్తడి అడవులు.

1960 ప్రాంతమున రామగుండములో గనులు తెఱవబడగా, కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలనుండియే గాక కోస్తానుండియు, ఉత్తరదేశమునుండియు జనులు వచ్చి యిచ్చట కాపురములు పెట్టిరి. పులుసునకు నదిలో కొఱ్ఱమీను, బొచ్చె, వాలుగ ఉండనే యున్నవి. మృగశిర కార్తె వచ్చిననాడు చేప తినని యిల్లు ఈ ప్రాంతమున అరుదు. అయినను షిఫ్టుల లెక్కతో బ్రతుకు గడుపు యింట పచ్చిచేప నమ్మదగిన చుట్టము కాదు. దానిని తెచ్చిన పూటనే కడిగి వండవలెను; రాత్రి షిఫ్టు ముగించి తెల్లవాఱి యిల్లు చేరువాని కొఱకు అది వేచియుండదు. డబ్బాలోని ఎండు రొయ్యలు వేచియుండును. అంగడినాడు గోనెపట్టాపై కుప్పలు పోసి అమ్ము రొయ్యలు, రొయ్యపొట్టు, నెత్తళ్ళు, ఉప్పుచేపల తునకలు ఈ విధముగ కార్మికుని యింట స్థిరనివాస మేర్పఱచుకొన్నవి. తలలు తోకలు త్రుంచి, నూనె లేని మూకుడులో కమ్మని వాసన వచ్చువఱకు వేయించి, వేడినీట ఇసుక పోవునట్లు కడిగి, పుంటికూరతోనో వంకాయతోనో చింతచిగురుతోనో కలిపి వండుదురు. రాక్షసిబొగ్గు పొయ్యిని వాకిట నంటించి, నల్లపొగ యంతయు పోయి నిప్పు లెఱ్ఱబడిన పిమ్మటనే లోనికి తెచ్చు కాలమున, ఆ పొగయు ఈ రొయ్యల వాసనయు గలిసి, ఎవరింట ఏమి వండుచున్నారో వీధి వీధికి చాటింపు వేయుచుండెడివి. గనిలోనికి పోవు టిఫిను గిన్నెలో రొయ్యకు మఱియొక సౌకర్యము గలదు: టోపీదీపపు వెలుతురున ముల్లు ఏఱుకొనవలసిన పని లేదు!

ఇక పాస్తా సంగతి. 1154లో సిసిలీ రాజైన రోజరు కొలువున అల్ ఇద్రీసీ అను భూగోళవేత్త, పలెర్మోకు సమీపముననున్న త్రబియాలో గోధుమపిండితో తీగలవంటి ఆహారమును విరివిగ చేసి ఓడలపై దూరదేశములకు పంపుచుందురని వ్రాసెను. ఎండినది గనుక ఆ పిండితీగ ఓడ యెక్కినది. ఎండినది గనుక మన రొయ్య రైలెక్కినది. ఈ రెంటిని ఒక మూకుడులో చేర్చుటకు పెద్ద నేర్పు అక్కఱలేదు. ఉప్పువేసిన నీటిలో పాస్తాను కొంచెము పలుకుండగనే దింపి, ఆ నీటిని గరిటెడు దాచవలెను. నూనెలో వెల్లుల్లి రేకులను, ఎండుమిర్చి తునకలను వేగనిచ్చి, శుద్ధిచేసిన ఎండు రొయ్యలను వైచి, పాస్తాను, దాచిన నీటిని పోసి ఒక్కమాఱు కలియబెట్టిన చాలును. కాలము వచ్చినప్పుడు పిడికెడు చింతచిగురు వేసినచో ఇటలీవాడు ఏమనునో యెఱుగను గాని, గనిలో పనిచేసి విశ్రాంతి గైకొన్న మా పెద్దలు మాత్రము ఆ వాసనకు తల యెత్తి, పాత క్వార్టరును, వాకిటి పొయ్యిని, సైరను మ్రోగువేళ గిన్నె సర్దిన తల్లిని తలచుకొందురు.

1978లో ఎన్‌టీపీసీ విద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట దేశపు నలుమూలల వంటలును ఇచ్చటికి చేరినవి. నేడు మంచులో పెట్టిన రొయ్యలును బజారున దొరకును. వానిలో పెక్కు వెన్నామీ జాతివి. 2009లో మన దేశమున పెంపకమునకు అనుమతి పొందిన ఆ రొయ్య స్వస్థలము అమెరికా ఖండముల పశ్చిమతీరపు పసిఫిక్కు జలములు, పెరుగుట కోస్తా చెరువులలో. అది మెత్తనిది, చూడ సొంపైనది, రుచికి చప్పనిది. పాస్తాకు ఎండు రొయ్యయే మేలని నా నిశ్చయము.

గనుల చరిత్రను టన్నులతోను, సమ్మెలతోను వ్రాసినవారు గలరు. ఆ గనుల యింటి పొయ్యి చరిత్రను వ్రాయగల వృద్ధురాండ్రు ఇంకను మన నడుమ నున్నారు. పాఠకులు ఈ ఆదివారమే వారి చెంత కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొందురు గాక.