పటము వెనుక పేర్లు



సాలూరు, పార్వతీపురము, కోరాపుటు ప్రాంతములలోని పాత క్రైస్తవ గృహములలో గోడమీద వ్రేలాడు పటములను మీరు చూచియుందురు. నడుమ కుర్చీలో గడ్డపు దొరగారు, ప్రక్కన దొరసానిగారు, వెనుక వరుసలో ఉపదేశులు, క్రింద చాపమీద బోర్డింగు పిల్లలు. ఇటువంటి పటములే జర్మనీ దేశమున ఆ దొరల మునిమనుమల పెట్టెలలోను ఉన్నవి. వారిలో కొందరు ఈ కాలమున వాటిని బట్టి తమ పూర్వికులను వెదకుచున్నారు. ఆ వెదకులాటలో మనకును కొంత పని యున్నది గనుక ఈ సంగతి వ్రాయుచున్నాను.

విశాఖపట్టణమున ఓడరేవును ఉక్కు కర్మాగారమును చూచుచు కూర్చున్నవానికి జర్మను వంశావళుల గొడవ యేల అని మీరడుగవచ్చును. జర్మనీకి ఉత్తరపు కొనను, ష్లేస్విగ్-హోల్‌స్టైన్ సీమలో, బ్రెక్లుం అను ఊరు కలదు. పట్టణము కాదు, మన ఊళ్లవంటి పల్లెయే. అక్కడి పాదిరి క్రిస్టియన్ యెన్సెన్ గారు 1876లో ఒక మిషనును స్థాపించిరి. 1882లో ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అను వారిద్దరు దాని మొదటి మిషనెరీలుగా మన మన్యమునకు వచ్చిరి. కోరాపుటు, జయపురము అప్పుడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలోనివే. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మాత్రమే అవి విడిపోయినవి. కాబట్టి ఒక జర్మను పటము వెనుక విజగపటం అని వ్రాసియుండి, బొమ్మలో సముద్రమునకు బదులు కొండలు కనబడినయెడల తికమకపడనక్కరలేదు. అది జిల్లా పేరై యుండవచ్చును. దీనిని ఎరుగక ఈ పట్టణపు వీధులలో వెదకువాడు ఎన్ని దినములు తిరిగినను ఆ బంగళాను కనుగొనడు.

పట్టణపు పటమే అయినయెడల వేరొక గురుతు కలదు. మన ఓడరేవు 1933లో తెరువబడినది. అంతకు ముందు ఓడలు దూరమున లంగరు వేయగా, మనుష్యులును సామానులును పడవలమీద అలలు దాటి ఒడ్డు చేరవలసివచ్చెడిది. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనుక కనబడుచు, ఓడ ధక్కాను ఆనుకొని నిలిచియుండిన పటము 1933కు ముందుది కానేరదు. వ్రాత లేకపోయినను కొండ, నీరు, గట్టు మనకు సంవత్సరము చెప్పుచున్నవి.

ఇక జర్మనీలో తీసిన పటముల సంగతి. దళసరి అట్టమీద అంటించిన చిన్న పటము, విజిటింగు కార్డంతది, 1854లో పారిసున డిస్‌డేరి అను నతడు హక్కు పొందిన పద్ధతిది. దానికంటె పెద్దదియైన కేబినెట్ సైజు పటము 1866 ప్రాంతమున వాడుకలోనికి వచ్చెను. అట్ట క్రిందను వెనుకను ఫొటోగ్రాఫరు పేరు, ఊరు అచ్చువేయబడియుండును. అక్కడ అటెలియర్ అను మాట కనబడిన అది ఊరు కాదు, స్టూడియో అని అర్థము. కొన్నిటి వెనుక ఆ స్టూడియో ప్రదర్శనలలో గెలిచిన పతకముల బొమ్మలు సంవత్సరములతోకూడ నుండును. వాటిలో ఆఖరి సంవత్సరముకంటె పటము పాతది కాదు. ముఖములు చూచి మురియువారు పటమును వెనుకకు త్రిప్పి చూడరు. నా మట్టుకు నాకు వెనుక ప్రక్కయే విలువైనది.

వెనుకనున్న చేవ్రాత జర్మను నేర్చినవారికి సయితము కొరుకుడు పడదు. అది కుర్రెంట్ అను పాత గొలుసుకట్టు వ్రాత. అందులో 'ఇ' అక్షరము నేటి వారికి 'ఎన్' వలె కనబడును. స్త్రీ పేరు తరువాత గెబ్ అను పొట్టిమాట వచ్చి, దాని వెంట మరియొక ఇంటిపేరున్నయెడల అది ఆమె పుట్టినింటి పేరు. తల్లి వైపు వంశమును పట్టుకొనుటకు ఆ చిన్న మాటయే దారి.

బొమ్మను చదువుటలోను పొరపాట్లు కలుగును. నల్లని దుస్తులు ధరించి వరుని ప్రక్క నిలిచిన స్త్రీని చూచి మనవారు అయ్యో, దుఃఖములో నున్నది అందురు. ఆ కాలపు జర్మను పల్లెలలో పెండ్లికుమార్తెలు అనేకులు నల్లబట్టలే కట్టిరి. ఆదివారములలోను అవి పనికివచ్చును గదా! పెండ్లి ఉంగరము వారు కుడిచేతికి పెట్టుకొందురు. పదునాలుగేండ్ల బాలుడు నల్లకోటుతో కీర్తనల పుస్తకము పట్టుకొని బిగిసి నిలిచిన యెడల అది నిర్ధారణనాటి పటమై యుండును.

పేరు దొరికినను చిక్కు తీరదు. మనకు ఇంటిపేరు ముందుగా తరతరములు నిలుచును. ష్లేస్విగ్ పల్లెలలో పూర్వము అట్లు కాదు. యెన్స్ కుమారుడు యెన్సెన్, పేటర్ కుమారుడు పేటర్సెన్. తరము మారగానే పేరును మారెడిది. స్థిరమైన ఇంటిపేరు ఉండవలెనని 1771లో ఆజ్ఞ పుట్టెను. అంతకు వెనుకకు పోవువారికి సంఘపు పుస్తకములే ఆధారము. జర్మను సామ్రాజ్యమంతట సర్కారు వారు జనన మరణములు వ్రాయుట 1876లోనే ఆరంభమైనది, ప్రష్యాలో 1874లో. అంతవరకు పాదిరిగారి బాప్తిస్మపు పుస్తకమే పుస్తకము. ప్రొటెస్టంటు సంఘముల అట్టి పుస్తకములను ఆర్కియోన్ అను పేర 2015 నుండి కంప్యూటరులో చూపించుచున్నారు. అయితే అన్నియు మిగులలేదు. 1945 తరువాత పొమెరేనియా, సైలీషియా పోలండుకు చేరగా అక్కడి జర్మనులు వెళ్లగొట్టబడిరి. స్టెటిన్ అని అచ్చుపడిన పటమునకు నేటి దేశపటములో ష్చెచిన్ అని వెదకవలెను. వారికి ఊరున్నది, పేరు పోయినది. మన ఉక్కు కర్మాగారమునకు భూములిచ్చి లేచిపోయిన పల్లెలవారికి పేరున్నది, ఊరు పోయినది.

1914లో యుద్ధము వచ్చెను. ఆ సెప్టెంబరులో ఎండెన్ అను జర్మను యుద్ధనౌక మద్రాసుమీద గుండ్లు కురిపించగా, నిన్నటివరకు అయ్యగారు అని పిలువబడినవారు శత్రుదేశస్థులైరి. మన దేశములోని జర్మను మిషనెరీలలో అనేకులు అహమ్మదునగరమున నిర్బంధింపబడిరి. 1915, 1916లలో గోల్కొండ అను ఓడ రెండు ప్రయాణములలో వారి కుటుంబములను అనేకమును తీసికొనిపోయెను. తెలుగు కోట పేరుగల ఓడలో వారు మన తీరమునకు దూరమైరి! చేతికందినది కొద్దియే తీసికొనిపోగలిగిరి. ఒక కుటుంబపు ఆల్బములో 1914 దగ్గర పుటలు ఖాళీగా నున్నయెడల కారణమిదియే కావచ్చును.

ఇక్కడనే మన పని. అట్టి పటములలో దొరసానిగారు తన పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు శ్రద్ధగా వ్రాసియుందురు. ఆ పిల్లను ఒడిలో పెట్టుకొని కూర్చున్న స్త్రీకి ఆయా అని మాత్రమే. వెనుక నిలిచిన ముసలి ఉపదేశికి అదియును లేదు. ఆ పిల్ల మొదటి మాటలు ఎవరి నోట విని నేర్చినదో ఆమెకు పేరు లేకపోవుట నాకు న్యాయముగా తోచదు. జర్మనీలో ఎన్ని పుస్తకములు తిరుగవేసినను ఆ పేరు దొరకదు. అది మన సంఘపు బాప్తిస్మపు పుస్తకములో, పాత పేరు, క్రొత్త పేరు, తండ్రి పేరు, ఊరు అను వరుసలో నుండవచ్చును. అట్టి పుస్తకము వ్రాయు అలవాటును మనకు తెచ్చినవారును ఆ దొరలే. చెరనుండి తిరిగి వచ్చినవారిలో కొందరు తమ వంశావళి పత్రమును వెదకి కనుగొనలేకపోయినట్టు ఎజ్రా గ్రంథములో చదువుచున్నాము. వారికి యాజకత్వమే పోయినది.

గనుక మీ యింట పాత పటమున్నయెడల ఈ వారమే దానిని గోడనుండి దించి, సంఘములో మిక్కిలి వృద్ధురాలైన ఆమె యొద్దకు తీసికొనిపొండి. మంచి వెలుగులో, ప్రొద్దుటిపూట. ఎడమనుండి కుడికి ఒక్కొక్కరిని వ్రేలితో చూపి అడుగుడి. ఆమె చెప్పిన పేర్లు వేరొక కాగితముమీద వ్రాసి పటముతోకూడ ఉంచుడి. పటము వెనుకనే వ్రాయదలచిన మెత్తని పెన్సిలుతో, నొక్కకుండ, అంచున వ్రాయుడి. సిరా వలదు, అది కొన్నాళ్లకు ముఖములవైపు దిగును.